డిక్కీ మీద రెక్క

హోసూరులో బండి గురించి మాట్లాడటమంటే హనుమంతుడి ముందు కుప్పిగంతులు వేయడమే. ఇద్దరెక్కి పోగలిగే మోపెడ్ దేశంలో మొదటిసారి తయారైంది ఈ ఊళ్లోనే, 1980లో, టీవీఎస్ 50 పేరుతో. ఆ రోజుల్లోనే అశోక్ లేలాండ్ వాళ్ల లారీల ఫ్యాక్టరీ కూడా వచ్చింది. కరెంటు బండ్ల కాలం రాగానే ఏథర్ తన స్కూటర్ల తయారీని 2021లో ఇక్కడికే మార్చుకుంది. అదే ఏడాది ఓలా వాళ్లు మా కృష్ణగిరి జిల్లాలోనే పోచంపల్లి దగ్గర ఐదు వందల ఎకరాల్లో ఫ్యాక్టరీ లేపారు. (పోచంపల్లి అనగానే ఇక్కత్ చీర గుర్తొచ్చే తెలంగాణ పాఠకులు మన్నించాలి, ఇది ఆ ఊరు కాదు. ఇక్కడ మగ్గాలకంటే మామిడిచెట్లు ఎక్కువ.) మా వీధిలో సగం ఇళ్లు షిఫ్టుల లెక్కన నిద్రపోతాయి. పెళ్లిసంబంధం మాట్లాడేటప్పుడు గోత్రం తర్వాత అడిగే ప్రశ్న "ఏ ప్లాంటు? పర్మనెంటా, కాంట్రాక్టా?" అనే.

అలాంటి ఊళ్లో, అలాంటి ఉద్యోగమే చేసే మా బావమరిది ఎలక్ట్రిక్ కారు కొన్నాడు. టాటా టిగోర్. బుజ్జి సెడాన్, 26 యూనిట్ల బ్యాటరీ. సిప్‌కాట్ పారిశ్రామికవాడలో విడిభాగాలు చేసే ఒక యూనిట్‌లో అతను క్వాలిటీ ఇన్‌స్పెక్టరు. అర మిల్లీమీటరు తేడా వస్తే ముక్కను ఎర్రడబ్బాలో పడేయడం అతని రోజువారీ పని. అంత లెక్క తెలిసిన మనిషికి కారు కొన్న కొద్దిరోజులకే పుట్టిన కోరిక, డిక్కీ మీద స్పాయిలర్.

"గంటకు ఎంత స్పీడులో పోతావురా నువ్వు?" అని అడిగాను.

"బస్టాండు దగ్గరైతే ఇరవై బావా. హైవే ఎక్కితే ఎనభై."

"మరి ఎందుకు?"

నవ్వి ఊరుకున్నాడు. జవాబు నాకు హోసూరు బస్టాండు ముందే దొరికింది. నేను కూడా కార్లో ఉన్నాను. సంచులు మోసుకుంటూ ఒక జంట నేరుగా డిక్కీ దగ్గరికొచ్చి నిలబడి, మూత తీయమన్నట్టు తట్టి, "ఎలక్ట్రానిక్ సిటీకి ఎంతప్పా?" అని అడిగారు. వాళ్ల తప్పేం లేదు. టాటా వాళ్లు ఇదే ఒంటితో ఎక్స్‌ప్రెస్-టీ అనే టాక్సీని కూడా అమ్ముతారు. సొంత ఎలక్ట్రిక్ కారుకు ఆకుపచ్చ పలక మీద తెల్ల అక్షరాలు, టాక్సీకి అదే ఆకుపచ్చ మీద పసుపు అక్షరాలు. ఎండలో పది గజాల దూరం నుంచి ఆ తేడా ఎవరికి కనిపిస్తుంది? మావాడు అద్దం దించి "సొంత బండన్నా" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, వాయిదాలు కట్టేవాడి బాధ ఉంది.

పెట్రోలు బండి ఉన్న రోజుల్లో ఈ బాధ తీరే దారులు చాలా ఉండేవి. సైలెన్సర్ మార్చొచ్చు, వీధి మలుపు తిరగకముందే మన బండి వస్తోందని ఇంట్లో తెలిసిపోయేది. కార్బ్యురేటర్‌లో జెట్ మార్చి, ఎయిర్ ఫిల్టర్ మార్చి, పికప్పు పెరిగిందని ప్రమాణం చేయొచ్చు. అలా గెలికే చేతుల మీదే మన మెకానిక్కులు బతికారు. ఎలక్ట్రిక్ కారుకు గొంతు లేదు. బానెట్ ఎత్తితే నల్లటి మూతలు, వాటి మధ్య నారింజ రంగు కేబుళ్లు. ఆ రంగు వేసిందే ముట్టుకోవద్దని. మోటారు ఎంత బలంగా లాగాలో, యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఎంత కరెంటు వెనక్కు రావాలో అంతా సాఫ్ట్‌వేర్ చేతిలో ఉంటుంది, దాని తాళం కంపెనీ చేతిలో. యజమానికి మిగిలింది పైచర్మం. స్టిక్కరో, చక్రం మూతో, డిక్కీ మీద రెక్కో. కరెంటు కార్లకు ఈ అలంకార సామాను జోరుగా అమ్ముడుపోతోందంటే నాకు ఆశ్చర్యం లేదు. చెయ్యి పెట్టే చోటు తగ్గేకొద్దీ ఆ మిగిలిన చోటనే చేతులన్నీ గుమిగూడతాయి.

అయినా రెక్కకు ఒక శాస్త్రం ఉంది. కారు జోరుగా పోతున్నప్పుడు గాలి కప్పు మీదుగా పాకి, వెనకద్దం మీదుగా దిగి, డిక్కీ అంచు దగ్గర కారును వదిలిపెడుతుంది. ఆ అంచు గుండ్రంగా ఉంటే గాలి దాన్ని పట్టుకుని కిందికి ఒంగి సుడులు తిరుగుతుంది. ఆ సుడుల్లో ఒత్తిడి తక్కువ కాబట్టి కారును వెనక్కు లాగుతుంది. డిక్కీ మీద గాలి వడిగా జారిపోతున్నప్పుడు కూడా ఒత్తిడి తగ్గి వెనక చక్రాలు కాస్త తేలికపడతాయి. అంచున చిన్న గట్టు కడితే గాలి అక్కడ తటపటాయించి, మూతను కొంచెం కిందికి నొక్కి, కోసినట్టు విడిపోతుంది. కారు తోకను సన్నగా సాగదీయనక్కర్లేదు, సరైన చోట నిలువుగా తెగ్గోసినా చాలని 1930ల్లో జర్మనీలో వునిబాల్డ్ కామ్ చూపించాడు. 1961లో ఫెరారీ రేసు కారు వెనక అంచున రేకు నిలబెట్టించింది రిచీ గింథర్ అనే అమెరికన్ డ్రైవరని చెబుతారు.

రెక్క లేక ప్రాణం మీదికి వచ్చిన కథ కూడా ఉంది. 1998లో వచ్చిన ఆడీ టీటీ చూడటానికి నున్నటి గులకరాయిలా ఉండేది, వెనక ఒక్క గీత కూడా ఎక్కువ లేకుండా. జర్మనీ ఆటోబాన్ల మీద మనం ఊహించుకోలేని వేగంలో లేన్ మారబోయి, మలుపు తిరగబోయి వెనక చక్రాలు జారి ప్రమాదాలయ్యాయి, మనుషులు పోయారు. కంపెనీ అప్పటికే అమ్మిన కార్లను వెనక్కు పిలిచి, సస్పెన్షన్ సవరించి, జారకుండా ఆపే ఎలక్ట్రానిక్ ఏర్పాటు పెట్టి, డిక్కీ అంచున ఒక చిన్న స్పాయిలర్ బిగించింది. అక్కడ అవసరం ఉండి పెట్టారు, అందం చెడిందని గొణిగినవాళ్లు గొణిగారు. మన దగ్గర అవసరం లేకుండా పెట్టుకుని, అందం వచ్చిందని మురిసిపోతున్నాం.

ఎలక్ట్రిక్ కారు విషయంలో గాలి లెక్క ఇంకొంచెం ముదురుగా ఉంటుంది. పెట్రోలు ఇంజను తాను తాగినదాంట్లో ఎక్కువభాగం వేడిగా ఊదేస్తుంది కాబట్టి గాలి పెట్టే ఖర్చు ఆ దుబారాలో కలిసిపోతుంది. మోటారు పొదుపరి, అందుకని గాలి పద్దు బయటికి కనిపిస్తుంది. అందుకే మెర్సిడెస్ వాళ్లు ఈక్యూఎస్ కారు గాలి నిరోధ గుణకాన్ని 0.20 దాకా దించడానికి అంత తంటాలు పడ్డారు. మావాడు నన్ను ఓడించాలని ఒకరాత్రి కాగితం తీసుకుని కూర్చున్నాడు. మామూలు సెడాన్ వంద వేగంతో వంద కిలోమీటర్లు పోతే గాలిని తోయడానికే సుమారు ఎనిమిది యూనిట్లు. యాభై వేగంతో పోతే అదే దూరానికి రెండు యూనిట్లు. వేగం సగమైతే ఖర్చు నాలుగో వంతు. సరే, రెక్క మహా గొప్పదై గాలి నిరోధాన్ని నూటికి రెండు వంతులు తగ్గించిందనుకుందాం. వంద వేగంలో వంద కిలోమీటర్లకు యూనిట్‌లో ఆరో వంతు మిగులుతుంది. అంటే ఒక కిలోమీటరు, ఇంకొంచెం.

"చూడు బావా, వస్తుంది కదా!" అన్నాడు.

"హోసూరు నుంచి కృష్ణగిరికి దిగేదెంత?" అన్నాను.

ఇది మా ప్రాంతం వాళ్లకు మాత్రమే తట్టే ప్రశ్న. హోసూరు పీఠభూమి అంచున, సముద్రమట్టానికి దాదాపు తొమ్మిది వందల మీటర్ల ఎత్తున కూర్చుని ఉంటుంది. తెల్లవాళ్లు ఈ చల్లదనం చూసే లిటిల్ ఇంగ్లండ్ అన్నారట. శూలగిరి దాటి కృష్ణగిరి చేరేసరికి, యాభై కిలోమీటర్ల దారిలో, నాలుగు వందల మీటర్ల దాకా దిగిపోతాం. చెవుల్లో తెలియదు కానీ చొక్కా వీపుకు అంటుకోవడంలో తెలుస్తుంది. మనుషులతో కలిపి ఒకటిన్నర టన్నుల కారును అంత ఎత్తుకు మళ్లీ మోయాలంటే ఒకటిన్నర యూనిట్ అదనంగా పోతుంది. అంటే పది కిలోమీటర్ల రేంజి. దిగేటప్పుడు మోటారే డైనమోలా పనిచేసి కొంత తిరిగి జమచేస్తుంది, అంతా కాదు. రెక్క మిగిల్చే కిలోమీటరు సంగతి శూలగిరి ఎక్కుడు దగ్గరే తేలిపోయింది. అదీ రెక్క సరైన వంపులో ఉంటేనే. బజారులో దొరికే ముక్కను ఏ గాలి సొరంగంలోనూ పెట్టి చూడలేదు. అచ్చు పోసినవాడి కంటికి బాగుంటే చాలు. కోణం తప్పితే అదే కిలోమీటరు ఎదురు కట్టాల్సి వస్తుంది.

ఇంత లెక్క వేసి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఆదివారం కార్ల సామాను అమ్మే బెంగళూరు జేసీ రోడ్డుకు పోదామన్నాడు. కృష్ణగిరి వాళ్లయితే మద్రాసు జనరల్ ప్యాటర్స్ రోడ్డా, జేసీ రోడ్డా అని ఆలోచిస్తారు. మాకు అత్తిబెలె దాటితే జేసీ రోడ్డే.

అక్కడ రెక్కలకు కులాలున్నాయి. అంచుకు అతుక్కుని బొటనవేలు ఎత్తు లేచే లిప్పు, బాతు తోకలా పైకి తిరిగే డక్‌టెయిల్, రెండు కాళ్ల మీద నిలబడే పెద్ద రెక్క. చేసిన సరుకును బట్టి కూడా తేడాలు. ఏబీఎస్ ప్లాస్టిక్ అయితే అచ్చులో పోసింది కాబట్టి అన్నీ ఒకేలా వస్తాయి, పెళుసు తక్కువ. ఫైబర్ గ్లాసుది చేత్తో పొరలు వేసి చేసేది, ఒక్కోటి ఒక్కో వంపు తిరిగి ఉంటుంది, గీకి పుట్టీ పెట్టి సరిచేసుకోవాలి. కార్బన్ ఫైబర్ అని అమ్మేదాంట్లో చాలావరకు ప్లాస్టిక్ మీద గళ్ల కాగితమే. రంగు వేసి ఉన్నది కొనాలా, ప్రైమర్‌తో ఉన్నది కొని మన కారు రంగు కోడ్ చూసి వేయించాలా అన్నది ఇంకో తగువు. తెలుపైతే ఫరవాలేదు. మెరుపు కలిసిన నీలంలో ఆ మెరుపు రేణువులు స్ప్రే చేసే చేతిని బట్టి కూర్చుంటాయి, ఒకే కోడ్ అయినా ఎండలో రెండు నీలాలు కనిపిస్తాయి. మావాడిది ఖర్మ కొద్దీ నీలమే.

పెద్ద రెక్క దగ్గర అతను కాస్త ఎక్కువసేపు నిలబడ్డాడు. నేను చట్టం ఎత్తాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు రిజిస్ట్రేషన్ కాగితంలో ఉన్నది తేడా పడేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసులో దాన్ని మరింత గట్టిగా చెప్పింది. అదే ఏడు చట్టానికి చేసిన సవరణలో అనుమతిలేని ప్రతి మార్పుకూ ఐదు వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని రాశారు. చిన్న లిప్పు జోలికి ఎవరూ రారు. ఒంటి కొలతలు దాటి బయటికి పొడుచుకొచ్చేది, వెనకద్దం దగ్గరి మూడో బ్రేక్ లైటును కప్పేది అయితే మాత్రం చెక్‌పోస్టులో మాటలు పెరుగుతాయి. పైగా బరువైన రెక్క పెడితే డిక్కీ మూతను పైకి నిలబెట్టాల్సిన ఏర్పాటుకు ఆ బరువు లెక్కలో లేదు, సామాను దించుతుండగా మూత నెత్తిన పడుతుంది. ఈ ఆఖరి మాటకే అతను దిగొచ్చాడు. జైలు కంటే నెత్తి దగ్గర కదా.

నల్ల ఏబీఎస్ లిప్పు ఒకటి కొన్నాం. రంగు తగువే లేకుండా నలుపు. ధర చెప్పను, మా చెల్లెమ్మ ఈ పత్రిక చదువుతుంది.

బిగింపు రాయకోట రోడ్డులో ఒక చిన్న షాపులో. ఫిట్టరు కుర్రాడు ఇంట్లో తెలుగు, పనిలో తమిళం, ఫోన్లో కన్నడం మాట్లాడే మా ఊరి బిడ్డ. డ్రిల్లు తీసుకోబోతే మావాడు రెండు చేతులూ అడ్డంపెట్టాడు. రంధ్రం చేస్తే రేకు తుప్పు పడుతుంది, వాన నీళ్లు డిక్కీలోకి దిగుతాయి. అందుకని రెండువైపులా అంటుకునే ఫోమ్ టేపు. దాని మీద నాకూ నమ్మకం లేదు గానీ కుర్రాడు విడమర్చి చెప్పాడు. ఎండలో ప్లాస్టిక్ రేకుకంటే ఎక్కువ సాగుతుంది, మీటరు పొడుగు ముక్కకు రెండు మిల్లీమీటర్ల దాకా తేడా వస్తుంది. గట్టి గమ్ముతో అంటిస్తే ఆ లాగుడుకు విడిపోతుంది, లేదా పగులుతుంది. ఫోమ్ అయితే లోపల సాగి సర్దుకుంటుంది. హోసూరులో చలికాలం పొద్దున అతికించి మే నెలలో కృష్ణగిరి ఎండలో నిలబెట్టే బండ్లు ఇవన్నీ, మాకు సర్దుకునేదే కావాలి.

"చల్లగా ఉంటే టేపు పట్టదన్నా, పన్నెండు కానీ" అని టీ తెప్పించాడు.

ఎండ ముదిరాక డిక్కీని కడిగి, ఆరబెట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకే దిక్కున తుడిచాడు. ముందువెనకలకు రుద్దితే జిడ్డు తిరిగి అక్కడే పరుచుకుంటుందట. మధ్యబిందువు కోసం కంపెనీ గుర్తును నమ్మకుండా రెండు అంచుల నుంచి కొలిచి మాస్కింగ్ టేపు మీద పెన్సిల్ గీత గీశాడు. అక్కడిదాకా మావాడు గుడిలో నిలబడినట్టు ఉన్నాడు. ముక్కను ఉత్తినే ఆనించి చూసినప్పుడు మాత్రం అతనిలోని ఇన్‌స్పెక్టరు లేచాడు. జేబులోంచి ఫీలర్ గేజ్ తీసి (కారు కొన్నవాడు జేబులో తాళం పెట్టుకుంటాడు, ఇతను ఇదీ పెట్టుకుంటాడు) ఎడమ పక్క సందులో దూర్చాడు, తర్వాత కుడి పక్క.

"ఒకటిన్నర మిల్లీమీటర్లు తేడా ఉండాది."

"ముక్కదే కొంచెం మెలిక ఉండాదన్నా."

"మా ప్లాంటులో అయితే రిజెక్ట్ చేస్తా దీన్ని."

"చేసెయ్‌న్నా. మళ్లా జేసీ రోడ్డుకు పోయి ఇంకోటి తెచ్చుకో. దానికీ ఏదో ఒకటి ఉంటాది. ఇది కారున్నా, రాకెట్టు కాదు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రోజుకు ఎనిమిది గంటలు ఇతరుల అర మిల్లీమీటర్లను ఎర్రడబ్బాలో వేసే మనిషి గేజ్ మడిచి జేబులో పెట్టుకుని "కానీ, వేసెయ్" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి చెబుతున్నా, ఆ రోజంతటిలో నాకు గుర్తుండిపోయింది ఆ మాటే. ప్లాంటులో సరిగ్గా ఉండే ముక్క ఎవరిదీ కాదు. వేలల్లో ఒకటిగా పోతుంది, ఏ రాష్ట్రంలో ఏ బండిలో తిరుగుతుందో తెలియదు. ఈ మెలిక తిరిగిన నల్లముక్క అతనిది. ఆ ఒకటిన్నర మిల్లీమీటరు ఎక్కడుందో ప్రపంచంలో అతనికి, ఫిట్టరుకు, నాకు తప్ప తెలియదు.

టేపు మీది ఎర్ర పొరను రెండు కొసల్లో కొంచెం వలిచి, బయటికి మడిచి, ముక్కను గీతల మీద నిలబెట్టాక ఆ కొసలు పట్టి మెల్లగా లాగాడు. మధ్య నుంచి కొసలకు అరచేత్తో నొక్కుతూ పోయాడు. పట్టు సగం అరగంటలోపే వస్తుందని, పూర్తిగా రావాలంటే మూడు రోజులని, అప్పటిదాకా నీళ్ల పైపు పెట్టి కడగొద్దని, ముఖ్యంగా దాన్ని పట్టుకుని డిక్కీ వేయొద్దని పదే పదే చెప్పాడు.

ఇదంతా డబ్బు దండగ అనేవాళ్లు మా ప్రాంతంలో సంక్రాంతి తర్వాత జరిగే ఎద్దుల పండుగకు రావాలి. తమిళంలో ఎరుదు విడుం విళా అంటారు. ఎద్దు కొమ్ములకు రంగురంగుల కాగితాలు, మెరుపులు అంటించిన పెద్ద తడిక కట్టి జనం మధ్యలోకి వదులుతారు. పరిగెత్తే జంతువుకు గాలికి అడ్డంగా అంతకంటే పనికిమాలిన వస్తువు ఇంకోటి ఉండదు. ఆ తడికను ఏ ఇంటివాళ్లు కట్టారో, కిందటేడు కంటే ఎంత పెద్దది కట్టారో ఏడాదంతా చెప్పుకుంటారు. 2023 ఫిబ్రవరి 2న గోపసంద్రంలో ఆ పండుగకు అనుమతి ఆలస్యమైందని జనం హోసూరు, కృష్ణగిరి మధ్య హైవేనే గంటల తరబడి ఆపేశారు, రాళ్లు కూడా పడ్డాయి. రాళ్లు వేయడం నాకు నచ్చలేదు. కానీ ఎద్దు వేగం మీద ఆ ఊరికి లేని పట్టుదల కొమ్ముల మీది అలంకారం మీద ఉందని మాత్రం ఒప్పుకోవాలి. ఫ్యాక్టరీల్లో ఆయుధపూజ రోజు చూడండి. లేత్ మిషన్‌కు కుంకుమబొట్టు, స్కూటర్‌కు చామంతి దండ, కంపెనీ బస్సు ముందు రెండువైపులా అరటిపిలకలు. ఆ పిలకలతోనే బస్సు షిఫ్టు ట్రిప్పు వేస్తుంది. గాలి నిరోధం గురించి ఆ రోజు ఏ ఇంజనీరూ నోరెత్తడు.

రెక్క వచ్చాక కారు తేడాగా కనిపిస్తోందా అంటే, కనిపిస్తోంది. వెనక కొంచెం పొగరొచ్చింది. టాక్సీ అనుకుని ఆపేవాళ్లు తగ్గారని మావాడు గట్టిగా చెబుతాడు, నాకైతే రుజువు లేదు. వంద వేగం మీద వెనక చక్రాలు గట్టిగా పట్టుకుంటున్నాయంటాడు. అతను వంద తొక్కగా నేను చూడలేదు.

మామిడి కాలంలో కావేరిపట్నం తోటకు పోయాం. మా మామగారు అరవై దాటినా చెట్టు కిందే మంచం వేసుకునే మనిషి. రెక్కను ఎగాదిగా చూసి ఏమీ అనలేదు. డిక్కీ నిండా బెంగళూరా కాయలు పేర్చి, పైన గోనెపట్టా కప్పి, మూత మూయడానికి రెండు చేతులూ సరిగ్గా ఆ నల్లముక్క మీద వేసి బలంగా నొక్కాడు.

"నాయినా! దాని మీద చెయ్యెయ్యొద్దు!" మావాడు పరిగెత్తుకొచ్చాడు.

ఆయన చేతులు తీసి, వంగి, అది ఎలా అంటుకుని ఉందో కిందినుంచి పరీక్షగా చూశాడు.

"పట్టుకునేదానికి కాదా ఇది? మరి పిడి లేకుండా డిక్కీ ఎట్ల ఏస్తార్రా మీరు?"

మావాడు అంచు కింద వేళ్లెక్కడ పెట్టాలో చూపించడం మొదలుపెట్టాడు. ఆయన వింటూనే ఇంకో పది కాయలు పట్టే సందు ఎక్కడుందా అని మూత మళ్లీ ఎత్తాడు.